నొప్పుల పక్కన కూర్చునే మనిషి

మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాల్సిందే అంటారు మనవాళ్లు. అసలు సామెత ఇంకాస్త పచ్చిగా ఉంటుంది, తెలిసినవాళ్లు నవ్వుకుంటారు. ఆ నవ్వులో చిన్నచూపూ ఉంది. నెత్తురూ మురికీ ముట్టుకునే పని కాబట్టి, కులం మెట్లలో అడుగున నిలబెట్టిన ఆడవాళ్లకే దాన్ని వదిలేశాం. బిడ్డ నేలమీద పడేదాకా ఆమె చెయ్యి కావాలి, పడ్డాక ఆమె తగిలితే మైల.

అలాంటి పనికి ఒక మనిషి జీవితమంతా ఎలా ఒప్పుకుంటుంది? సూలగిత్తి నరసమ్మ కథ చూడండి. అనంతపురం సరిహద్దుకు ఆనుకునే ఉంటుంది కర్ణాటకలోని పావగడ తాలూకా. అక్కడి కృష్ణాపుర ఆమె ఊరు. సంచార జాతి కుటుంబం, ఇంటి భాష తెలుగు, బడి మొహం చూడలేదు, 12 ఏళ్లకే పెళ్లి. ఆమె కాన్పుల్లో అయిదింటికి పురుడు పోసింది ఆమె అవ్వే. ఆ అవ్వ దగ్గరే పని నేర్చుకుని, 20 ఏళ్ల వయసులో దగ్గరి బంధువు కాన్పుకు చెయ్యి వేసింది. ఆ తర్వాత 15 వేలకు పైగా పురుళ్లు పోసిందని చెబుతారు, అదీ డబ్బు తీసుకోకుండా. 2018లో పద్మశ్రీ వచ్చింది, ఆ డిసెంబరులోనే కన్నుమూసింది. ఆమెను ఈ పనిలోకి ఏ దైవమో పిలిచిందని నేననుకోను. తన నొప్పుల్లో తనను పట్టుకున్న చేతులు ఏం చేశాయో ఆమె ఒంటికి తెలుసు. ఆ తెలివిడే ఆమెను ఇంకొకరి మంచం పక్కకు నడిపించి ఉంటుంది.

ఇంతకీ ఆ చేతులు ఏం చేస్తాయి? మొదటి పని పొట్ట చదవడం. రెండు అరచేతులూ గర్భసంచి పైఅంచున ఆనిస్తే మెత్తగా, వెడల్పుగా తగిలేవి పిర్రలు. గట్టిగా, గుండ్రంగా ఉండి వేళ్ల మధ్య కదిలిపోతే తల పైన ఉందన్నమాట, అంటే బిడ్డ ఎదురుకాళ్లతో ఉంది. పక్కలు తడిమితే ఒకవైపు నున్నగా వీపు, ఇంకోవైపు గడ్డలుగడ్డలుగా చేతులూ కాళ్లూ. కటి ఎముక పైన తల ఎన్ని వేళ్ల మందాన అందుతోందో చూసి, ఎంత దిగిందో అంచనా కడతారు. వైద్య పుస్తకాలు ఇదే పద్ధతికి లియోపోల్డ్ అనే జర్మన్ డాక్టరు పేరు పెట్టాయి. అక్షరం రాని మంత్రసానులూ పొట్ట తడిమే బిడ్డ ఎలా ఉందో చెప్పేవారు.

తర్వాత చెవి. పినార్డ్ కొమ్ము అని, గరాటాలా ఉండే ఒక చెక్క గొట్టం. 19వ శతాబ్దపు ఫ్రెంచి డాక్టరు తయారుచేసింది, కరెంటు అక్కర్లేదు, నేటికీ పనికొస్తుంది. నొప్పి తగ్గగానే బిడ్డ వీపు ఉన్న చోట దాన్ని ఆనించి నిండా ఒక నిమిషం వినాలి. నిమిషానికి 110 నుంచి 160 సార్లు కొట్టుకుంటే బిడ్డ గుండె బాగున్నట్టే. ఆ హద్దు దాటినా, నొప్పి నొప్పికీ జారిపోతున్నా డాక్టరును పిలవాలి. ఈ పిలవడం కూడా నేర్చుకోవాల్సిన విద్యే.

అన్నిటికన్నా గొప్పది, చెయ్యి చేసుకోకుండా చూస్తూ ఉండగలగడం. కాన్పు దగ్గరపడ్డ కొద్దీ తల్లి మాటలు తగ్గుతాయి, కాళ్లు వణుకుతాయి, ఒక్కోసారి వాంతవుతుంది. సరిగ్గా అప్పుడే, “నావల్ల కాదమ్మా, కోసి తీసెయ్యండి” అని ఏడుస్తుంది. తెలిసిన మనిషి పక్కనుంటే, “ఇంకెంతసేపు తల్లీ, అయిపోవచ్చింది” అంటుంది. అది ఉత్తి ఓదార్పు కాదు. గర్భసంచి ముఖద్వారం దాదాపుగా తెరుచుకున్నప్పుడే ఆ నిస్పృహ వస్తుందని ఆమెకు అనుభవం. తెలిసినవాళ్లు పక్కన లేకపోతే, ఆ ఏడుపు విని గది బయట అత్తగారు, అమ్మా కూడా “ఆపరేషన్ చేసెయ్యండి సార్” అంటారు.

తల కనిపించాక తొందర పనికిరాదు. వేడినీళ్లలో పిండిన గుడ్డ కింద అదిమిపెడితే కండరం సాగుతుంది, పెద్ద చీలికలు తగ్గుతాయని పరిశోధనలు తేల్చాయి. తల బయటపడగానే లాగకూడదు, అది తనంతట తాను పక్కకు తిరుగుతుంది, తర్వాతి నొప్పికి భుజాలు వస్తాయి. మాయ పడేదాకా బొడ్డు కోయని అలవాటు దేశంలో చాలాచోట్ల ఉండేది. దాన్ని చాలాకాలం మొరటుతనంగా చూశారు. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థే, కనీసం ఒక నిమిషం ఆగి బొడ్డు కోయండి, మాయలోని రక్తం బిడ్డకు అందుతుంది అంటోంది.

అలాగని పాతదాన్నంతా నెత్తికెత్తుకోను. కొడవలితో బొడ్డు కోసిన రోజుల్లో ధనుర్వాతంతో పోయిన పసిగుడ్లెందరో. మాయ పడ్డాక నెత్తురు ఆగకపోతే మంత్రసాని దగ్గర మందు లేదు. నేడు బిడ్డ పుట్టిన నిమిషంలోపు ఇచ్చే పది యూనిట్ల ఆక్సిటోసిన్ సూది తల్లుల్ని కాపాడుతోంది. ఆసుపత్రి అంటే శుభ్రమనే లెక్క మాత్రం ఎప్పుడూ నిజం కాదు. 1840ల్లో వియన్నా పెద్దాసుపత్రిలో, మిడ్‌వైఫ్‌లు పనిచేసే వార్డులో కన్నా డాక్టర్లు, వైద్య విద్యార్థులు పనిచేసే వార్డులో ఎక్కువమంది బాలింతలు చనిపోయేవారు. శవాలు కోసిన చేతులతోనే పురుళ్లు పోస్తున్నారని అక్కడి డాక్టరు సెమ్మెల్‌వైస్ కనిపెట్టాడు.

తెలంగాణలో ఇప్పుడు దాదాపు కాన్పులన్నీ ఆసుపత్రుల్లోనే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మొత్తం కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు. ప్రైవేటులోనైతే 81.5 శాతం. ముహూర్తం పెట్టించుకుని కోయించుకునేవాళ్లూ ఉన్నారు, తప్పంతా డాక్టర్లదే అనలేం. డాక్టరుకు పది మంచాలున్నాయి. ఒక్క మంచం దగ్గర ఎనిమిది గంటలు కూర్చునే మనిషిని మాత్రం మనం ఊడబెరికేసుకున్నాం.

ఆ ఖాళీని పూడ్చే ప్రయత్నం హైదరాబాదులోనే మొదలైంది. డాక్టర్ ఎవిటా ఫెర్నాండెజ్ నడిపే ఆసుపత్రి 2011లో మిడ్‌వైఫ్‌లకు శిక్షణ మొదలుపెట్టింది. 2017లో ఆ సంస్థ, యునిసెఫ్ తోడుగా రాష్ట్ర ప్రభుత్వం నర్సులకు 18 నెలల కోర్సు పెట్టింది. మరుసటి ఏడాది కేంద్రం కూడా మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు ప్రకటించింది. ఈ మిడ్‌వైఫ్‌లు పాత విద్యకు కొత్త మందులు కలిపి, సాధారణ కాన్పును మొదటినుంచి చివరిదాకా తామే చూసుకుంటారు. పడుకోబెట్టకుండా నడిపిస్తారు, కూర్చోబెడతారు, మోకాళ్లమీద వంగనిస్తారు.

తమాషా ఏమిటంటే, మన నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్‌లో నర్సు పక్కన మిడ్‌వైఫ్ అన్న మాట ఎప్పటినుంచో ఉంది. కానీ ఇవాళ కాన్పుల గదిలో ఉన్న నర్సుకు రేపు ఇంకో వార్డులో డ్యూటీ పడుతుంది. శిక్షణ పొందిన అమ్మాయిని అదే గదిలో ఉండనిచ్చి, ఆమె మాటకు డాక్టరు పక్కన చోటిచ్చి, దానికి తగ్గ హోదా, జీతం ఇస్తే, ఈ పనికి ఒప్పుకునే అమ్మాయిలకు కొదవుండదు.