శాసనం చదివిన బడిపంతులు

గిడుగు రామమూర్తి పంతులు గారి పేరెత్తితే అందరికీ వాడుకభాష ఉద్యమం, సవరభాష మీద చేసిన కృషి గుర్తొస్తాయి. నరసన్నపేట వాళ్లం ఇంకొకటి కూడా గుర్తు పెట్టుకోవాలి. అప్పటి మన తాలూకాలోని నడగాంలో దొరికిన గాంగరాజు వజ్రహస్తుడి రాగిరేకులను చదివి, పరిష్కరించి, శాసనాల పత్రిక ఎపిగ్రాఫియా ఇండికా నాలుగో సంపుటంలో (1896-97) అచ్చు వేయించింది ఆయనే.

ఆయన పర్లాకిమిడిలో బడిపంతులుగా పనిచేశారు. ముఖలింగం గుడి శాసనాల కోసం పాత లిపులను తనంతట తానే నేర్చుకున్నారు. నడగాం రేకుల తేదీ శక 979. దానికి 78 కలిపితే క్రీ.శ. 1057-58 అవుతుంది. వజ్రహస్తుడి పట్టాభిషేకం శక 960లో జరిగిందనీ, ఆయనకు ముందు ఏ గాంగరాజు ఎన్నేళ్లు ఏలాడో కూడా అందులోనే ఉంది. గాంగుల రాజధాని కళింగనగరం ఏదంటే కొందరు కళింగపట్నం అనేవారు. కాదు, ముఖలింగమేనని పంతులుగారు వాదించారు. ఆ మాటే నిలిచింది.

రాతి శాసనానికి నకలు తీయడం దగ్గరుండి చూడాలి. ముందు రాయిని శుభ్రంగా కడుగుతారు. తడి కాగితం పరిచి, అది అక్షరాల గాడుల్లోకి దిగేదాకా బ్రష్షుతో కొడతారు. కాస్త ఆరాక సిరా అద్దిన గుడ్డమూటతో పైపైన తడుతూ వస్తారు. నల్లటి కాగితం మీద తెల్లగా అక్షరాలు తేలతాయి. అసలు పని అక్కణ్ణించే మొదలు. అది సున్నానా, రాయి పెచ్చు ఊడిన గుంటా? ఆ ఒక్కదాని దగ్గరే పూటంతా గడిచిపోవచ్చు. అరిగిన అక్షరాన్ని ఊహించి పూరిస్తే దాన్ని బ్రాకెట్లో పెట్టి తీరాలి. కంటికి కనబడిందేదో, తాను అనుకున్నదేదో చదివేవాడికి విడివిడిగా చూపించాలి. సాహిత్యమైనా చరిత్రైనా, పరిశోధన చేసే ప్రతి విద్యార్థికీ మొదట నేర్పాల్సింది ఈ బ్రాకెట్టేనని నా గట్టి నమ్మకం. ఇంటర్నెట్లో దొరికిన పేరాలు అతికించిన ప్రాజెక్టు రిపోర్టు చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. వంశధార ఒడ్డున ఇన్ని శాసనాలు పెట్టుకుని ఎక్కడెక్కడో వెతుకుతున్నారే అనిపిస్తుంది.

మీ ఊళ్లో గుడి బాగుచేయిస్తున్నారా? రాతి స్తంభాలకు సున్నం, పెయింటు వేయించకముందు ఒకసారి తడిమి చూడండి. అక్షరాలు తగిలితే పని ఆపించండి. పొద్దున్నో సాయంత్రమో ఏటవాలు ఎండలో ఫోటో తీసి, ఊరి పేరూ, రాయి ఉన్న చోటూ రాసి పురావస్తు శాఖకు పంపండి.