వంపు తీసిన వాగు

2025 ఆగస్టు చివర కామారెడ్డి జిల్లా అర్గొండలో ఒక్కరోజులో 43 సెంటీమీటర్ల వాన పడింది. కామారెడ్డి కాలనీల్లో కార్లు కొట్టుకుపోయాయి. ఎల్లారెడ్డి వైపు, నూరేళ్లు దాటిన పోచారం ప్రాజెక్టు కట్ట తెగుతుందేమోనని కింది ఊళ్లు హడలిపోయాయి. నీళ్లు తగ్గాక ఎక్కడ విన్నా ఒకటే మాట: వాగును లోతు చేయాలి, తిన్నగా తవ్వాలి, వరద గబగబా పోవాలి.

అంత వానకు ఏ వాగైనా పొంగుతుంది, ఒప్పుకుంటాను. ఈ మందు మీదే నాకు నమ్మకం లేదు. గబగబా పోయే నీళ్లు పోయేది కింది ఊరి మీదికే కదా!

వాగు మలుపు దగ్గర కాసేపు నిలబడి చూడండి. బయటి ఒడ్డును నీళ్లు ఒరుసుకుంటూ పోయి మడుగు పడుతుంది. లోపలి వైపు జోరు తగ్గి ఇసుక మేట వేస్తుంది. ఎండాకాలం పారకం ఆగినా ఆ మడుగులో కొరమీను బతికుంటుంది, ఆ ఇసుకలో చెలిమె తీస్తే నీళ్లు ఊరతాయి. ఒడ్డున తుంగ, ఈత చెట్లు మన్నును పట్టుకుంటాయి. జేసీబీ పెట్టి వంపు తీసేస్తే ఇవన్నీ పోతాయి. దారి పొట్టిదై వాలు పెరుగుతుంది, నీళ్లు ఉరికి ఉరికి గట్లను కోస్తాయి.

మన మంజీర బాలాఘాట్ కొండల్లో పుట్టి ఆగ్నేయానికి నడిచి, సంగారెడ్డి జిల్లా దాకా వచ్చి ఉత్తరానికి మళ్లి, నిజాంసాగర్ మీదుగా కందకుర్తిలో గోదావరిని కలుస్తుంది. దగ్గరి దారి దానికి తెలియకనా?

అమెరికాలో ఫ్లోరిడా వాళ్లు ఈ ముచ్చట తీర్చుకున్నారు. 166 కిలోమీటర్లు వంకర్లు తిరిగే కిస్సిమ్మీ నదిని వరద భయంతో 1962-71 మధ్య 90 కిలోమీటర్ల కాలువ చేశారు. చిత్తడి నేలలు ఎండాయి, బాతులు, కొంగలు పోయాయి. మళ్లీ వాళ్లే 1999లో మొదలుపెట్టి 35 కిలోమీటర్ల కాలువను పూడ్చి, నదిని పాత వంపుల్లోకి మళ్లించారు. అది ముగిసేసరికి 2021. తవ్వడానికి తొమ్మిదేళ్లు, పూడ్చడానికి ఇరవై రెండు! పక్షులు మాత్రం తిరిగొచ్చాయి.

2015లో చెరువుల పూడిక తీసే మిషన్ కాకతీయ మొదలైంది మన సదాశివనగర్‌లోనే. చెరువుకు పూడికతీత మంచి మందే, వాగుకు అదే రాసిస్తే కుదరదు. ముందు ఊరి పాత నక్షా తీసి, అందులోని వాగు గీతను ఇప్పటి వాగుతో పోల్చాలి. మధ్యలో ఎవరి పొలం ఉందో, ఎవరి ప్లాటు ఉందో తేలుతుంది. పట్టా ఉన్న రైతు వంపు కోసం అరెకరం వదిలితే పరిహారం ఇవ్వాలి. చెక్‌డ్యాముకైతే అంచనా వేస్తారు, టెండరు పిలుస్తారు. ఏమీ కట్టకుండా భూమిని వాగుకు వదిలే పనికి డబ్బు ఏ పద్దులో రాస్తారో, ముందు అది తేల్చాలి.