23వ స్థానమూ రెండో చరణమూ

2024 జులైలో వచ్చిన ‘బిగ్ డాగ్స్’ వీడియో మొత్తం మృత్యుకూపంలో సాగుతుంది. తిరునాళ్లలో మనం పైనుంచి తొంగి చూసే ఆ బావి గోడల మీద బైకులూ కార్లూ అడ్డంగా తిరుగుతుంటాయి. నడుమ నిలబడి హనుమాన్‌కైండ్ ర్యాప్ పాడతాడు. అసలు పేరు సూరజ్ చెరుకట్. మలప్పురంలో పుట్టి, హ్యూస్టన్‌లో పెరిగి, బెంగళూరులో కార్పొరేట్ ఉద్యోగం వదిలి మైకు పట్టాడు. బీటు కట్టింది మన హైదరాబాద్ నుంచి పనిచేసే కల్మి. ఆ పాట అమెరికా బిల్‌బోర్డ్ హాట్ 100లో 23వ స్థానం దాకా ఎక్కింది. అప్పటినుంచి బెంగళూరులో ఏ కుర్రాడు ర్యాప్ విడుదల చేసినా చుట్టాలు కూడా ముందు అడిగేది వ్యూస్ ఎన్ని అనే.

ఆ లెక్క ఎలా పుడుతుందో చూస్తే దాని బరువు తెలుస్తుంది. స్పాటిఫైలో పాట 30 సెకన్లు మోగితే చాలు, ఒక వినికిడి కింద లెక్క. రెండు నిమిషాల పాటకైనా, ఐదు నిమిషాల పాటకైనా అంతే. అందుకే పల్లవి ముందుకు జరిగింది, చరణాలు చిక్కిపోయాయి. ఇక ఆల్బమ్‌ల చార్టు మరీ చిత్రం. 2014 చివర్లో బిల్‌బోర్డ్ 1,500 స్ట్రీమ్‌లను ఒక ఆల్బమ్ అమ్మకంగా లెక్కించడం మొదలుపెట్టింది. అంటే ఒక్క పాటే తెగ మోగితే, మిగతా పాటలు ఎవరూ వినకపోయినా, ‘ఆల్బమ్’ అమ్ముడైనట్టే.

మనకి ఆల్బమ్ అంటే సినిమా పాటలే. ‘పాటలు హిట్టు, సినిమా ఫట్టు’ అనే మాట మన నోట నానుతూనే ఉంటుంది కాబట్టి వసూళ్లు వేరు, విలువ వేరు అన్న సంగతి మనకి కొత్త కాదు. అయితే సినిమా పాటకి హీరో ఉంటాడు, సన్నివేశం ఉంటుంది. ర్యాపర్‌కి అవేవీ ఉండవు. ముప్పై నలభై నిమిషాల పాటు ఒక్క గొంతే మనల్ని కూర్చోబెట్టాలి.

కూర్చోబెట్టేది వేగం అనుకుంటారు చాలామంది. వేగం సాధనతో వస్తుంది. అసలు పనితనం నడకలో ఉంది. ఒక్కో దెబ్బకి నాలుగు అక్షరాల చొప్పున పోతున్నవాడు ఉన్నట్టుండి మూడుకి మారతాడు. చతురశ్రం నుంచి తిశ్రానికి గతి మారడమే అది. మృదంగం విన్న చెవికి వెంటనే అందుతుంది. వాక్యాన్ని సమం మీద కాకుండా కాస్త ఆగి అందుకోవడం ఇంకో విద్య. మన విద్వాంసులు దాన్ని అనాగతం అంటారు, ర్యాపర్లు బీటు వెనక కూర్చోవడం అంటారు. ప్రాస సంగతి సరేసరి. పాదం చివర రెండు మాటలు కలపడం ఎవరికైనా వచ్చు. మంచి ర్యాపర్ నాలుగైదు అక్షరాల గుంపుని పట్టుకుని పాదం మధ్యలో, చివర, మళ్లీ తర్వాతి పాదం మొదట్లో మోగిస్తాడు. యతిప్రాసల మీద పెరిగిన మనం దీన్ని మెచ్చుకోకపోతే ఎలా?

ఇవన్నీ ఒక్కచోట వినాలంటే బ్రోధా వి ‘ఆత్మ రామ’ వినండి. 2012 నాటిది. ‘మచాస్ విత్ ఆటిట్యూడ్’ బృందంలో ఎదిగిన బెంగళూరు కుర్రాడు. చరణాల్లో ఇంగ్లిష్, చేతిలో డబ్బాడని రోజుల గురించి గుక్క తిప్పుకోకుండా చెప్పుకుపోతాడు. పల్లవికి వచ్చేసరికి రామభజన నిదానంగా అందుకుంటుంది. ఊపిరి అక్కడ దొరుకుతుంది, పాడేవాడికీ, వినేవాడికీ. ఆ పాట పాకడానికి భజనే కారణం అని వెక్కిరించినవాళ్లు లేకపోలేదు. నేను ఒప్పుకోను. భజన తీసేసి ఆ పాట వినిపించండి, చరణాలు జవాబులేని మొర అయిపోతాయి. ఆ తర్వాత బీటు మీద శ్లోకం అతికించిన పాటలు చాలా విన్నాం. వాటిలో శ్లోకం తీసేస్తే పాటకి ఏమీ కాదు, వ్యూస్ మాత్రం తగ్గుతాయి.

నా కొలత ఇదే, తీసేసి చూడటం. ఆల్బమ్‌కీ పనికొస్తుంది. మధ్యలో ఒక పాట ఎత్తేస్తే తర్వాతి పాట కుంటుపడాలి. పడకపోతే అది పాటల మూట. అమెరికా ర్యాపర్ నాస్ ఆల్బమ్ ‘ఇల్మాటిక్’ 1994లో వచ్చింది. 40 నిమిషాలు కూడా ఉండదు. చార్టులో 12వ స్థానం దగ్గరే ఆగింది, పది లక్షల అమ్మకాల ప్లాటినం గుర్తింపుకి 2001 దాకా పట్టింది. ‘ఇల్మాటిక్’ రావడానికి నాలుగేళ్ల ముందే ఎం.సి. హామర్ అనే ర్యాపర్ ఆల్బమ్ 21 వారాలు మొదటి స్థానంలో కూర్చుంది. ఇవాళ పద్యం కట్టడం నేర్చుకునే ర్యాపర్ తెరిచేది నాస్‌నే.

ఇలా అన్నానని అమ్ముడుపోనిదే కళ అనుకుంటే అదో మూఢనమ్మకం. బెంగళూరు కబ్బన్ పార్కులో చెట్ల కింద గుమిగూడి పాడే కుర్రాళ్లలో కొందరికి ఈ జబ్బు ఉంది. ఎవరూ వినకపోవడాన్ని నిజాయితీకి సర్టిఫికెట్‌లా చూపిస్తారు. అమెరికా ర్యాపర్ కెండ్రిక్ లమార్ ఆల్బమ్ ‘డ్యామ్’ మొదటి స్థానమూ కొట్టింది, 2018లో పులిట్జరూ తెచ్చుకుంది. డబ్బు అవసరమే. బ్రోధా వి ‘చెన్నై ఎక్స్‌ప్రెస్’లో పాడాడు. చందన్ శెట్టి ‘3 పెగ్’ లాంటి హుషారు పాటతో కన్నడ ర్యాప్‌ని పెళ్లి ఊరేగింపుల దాకా తీసుకెళ్లాడు. ఆ పాటలో నాకు వెతుక్కునేంత ఏమీ కనిపించదు గానీ, కన్నడలో ర్యాప్ వింటారా అన్న ప్రశ్నని మాత్రం అలాంటి పాటలే చెరిపేశాయి.

మరి ‘బిగ్ డాగ్స్’? వీడియో కట్టేసి వింటే సగం బలం పోతుంది, నిజమే. మిగిలిన సగం మాత్రం గట్టిది. గుండెకి తగిలే బేస్, దాని మీద తొందరపడని బరువైన గొంతు. 2025లో వచ్చిన ‘రన్ ఇట్ అప్’ ఇంకా నయం. అందులో కేరళ చెండ మేళాన్ని తీసేయడానికి వీల్లేదు, నడక అంతా దాని మీదే ఉంది. అదే ఏడాది అమెరికాలో జరిగే కోచెల్లా సంగీతోత్సవం వేదిక మీదికి చెండ కళాకారులని వెంటబెట్టుకుని వెళ్లాడు హనుమాన్‌కైండ్.

ఆ ఏడాదే జులైలో అతని ‘మాన్సూన్ సీజన్’ వచ్చింది. ఆల్బమ్ అనలేదు, మిక్స్‌టేప్ అన్నాడు. దాన్ని వినేటప్పుడు వరస మార్చకుండా, ఫోన్ బోర్లాపెట్టి, ప్రతి పాటలోనూ రెండో చరణం దగ్గర చెవి పెట్టండి. పల్లవి మీద పెట్టిన శ్రద్ధ ర్యాపర్ అక్కడా పెట్టాడా లేదా అన్నది ఏ చార్టూ చెప్పదు.