నాగలూటి దారిలో ‘కాశీయాత్ర చరిత్ర’

మన పత్రికలో యాత్రావ్యాసాలు తరచుగా వస్తుంటాయి. కొండమీది గుడి ఏదైనా సరే, వాటిలో ‘ప్రశాంతం’ అనే మాట తప్పక కనబడుతుంది. గుడి ప్రశాంతంగా ఉన్నది, మనసు ప్రశాంతమైనది, తిరిగి వచ్చాము. ఇటువంటి వ్యాసాలు మేమూ రాశాము. ఆ మాట అబద్ధం కాదు. కాని అక్కడితో ఆగితే చదువరికి కొత్తగా తెలిసేది ఏమీ ఉండదు. ఈ సంగతి మాకు ఆలస్యంగా బోధపడింది. దాదాపు రెండు వందల ఏళ్ళ నాటి ఒక తెలుగు పుస్తకమూ, దానిని చేతపట్టుకొని దర్శించిన ఒక అడవి గుడీ ఇందుకు కారణాలు.

పుస్తకం ఏనుగుల వీరాస్వామయ్యగారి ‘కాశీయాత్ర చరిత్ర’. ఆయన చెన్నపట్నం సుప్రీంకోర్టులో దుబాసీ ఉద్యోగం చేసినవారు. 1830 మే 18న బయలుదేరి, కాశీకి వెళ్ళి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరారు. పరివారంతో కలిపి సుమారు నూరుమంది వెంట ఉన్నారు. దారిలో చూసినది చూసినట్లు తమ మిత్రులు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళగారికి రాస్తూ వచ్చారు. ఆ రాతలు 1838లో పుస్తకంగా అచ్చయ్యాయి. గ్రంథకర్త అప్పటికి రెండేళ్ళ ముందే కాలం చేశారు.

ఇందులోని తెలుగు కావ్యాల తెలుగు కాదు. ఒక ఉద్యోగి తన స్నేహితునికి రాసే తెలుగు. కచేరీ మాటలు, హిందుస్తానీ మాటలు దానిలో యథేచ్ఛగా కలిసిపోతాయి. మా సాయంకాలపు తరగతిలో మొదటి పది పుటలు కష్టంగా గడిచాయి. ఆ తరువాత పక్కన కూర్చొని ఒక పెద్దమనిషి మాట్లాడుతున్నట్లే తోచింది. తెలుగును పెద్దయ్యాక నేర్చుకొనేవారు భయపడకుండా పట్టుకోదగిన పాత వచనం ఇది.

వీరాస్వామయ్యగారు తిరుపతి, కడప, అహోబిలం, మహానంది మీదుగా వచ్చి, శ్రీశైలం కోసం నల్లమల అడవిలో ప్రవేశించారు. ఆత్మకూరు వైపు నుంచి నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను దాటి శ్రీశైలం చేరే కాలిదారి అది. ఈ కొండలలో మెట్లు కట్టించిన పుణ్యం పద్నాలుగవ శతాబ్దపు రెడ్డి రాజు ప్రోలయ వేమారెడ్డిది. అహోబిలానికీ, శ్రీశైలానికీ సోపానాలు నిర్మించినవాడుగా ఆయన పేరు నిలిచింది. నేడు శ్రీశైలానికి బస్సులు, కార్లు పోయే ఘాట్ రోడ్డు ఉన్నది గనుక పాత దారి తక్కిన రోజులలో అడవి జంతువులదే. శివరాత్రికి, ఉగాదికి మాత్రం భక్తులు ఆ దారిన నడుస్తారు. ఉగాదికి వచ్చేవారిలో కన్నడిగులు ఎక్కువ. భ్రమరాంబాదేవి వారికి ఇంటి ఆడపడుచు. ఆమెకు చీర, పసుపు, కుంకుమ తీసుకొని నడిచి వస్తారు.

కొండ దాటే శక్తి మా మోకాళ్ళకు లేదు. అందువలన ఉగాదికి ముందు ఒక ఉదయం నాగలూటి వరకు మాత్రమే వెళ్ళాము. అక్కడ వీరభద్రస్వామి గుడి ఉన్నది. పాత రాతి కట్టడం, చుట్టూ అడవి. ఒక యాత్రికుల జట్టు వెళ్ళిపోయి, మరొక జట్టు ఇంకా రాని సమయంలో మేము మండపంలో కూర్చున్నాము. ఎండుటాకుల మీద గాలి నడిచే చప్పుడు తప్ప మరేమీ లేదు. ‘ప్రశాంతం’ అనే మాట మా నోటి చివరకు వచ్చింది. అప్పుడే ఒడిలో ఉన్న పుస్తకాన్ని తెరిచాము.

వీరాస్వామయ్యగారు ఒక చోటికి చేరగానే మొట్టమొదట తన మనఃస్థితిని వర్ణించరు. నీళ్ళు ఉన్నాయా, అవి తాగదగినవా, అంగళ్ళు ఉన్నాయా, దిగడానికి నీడ ఉన్నదా, తరువాతి మజిలీ ఎంత దూరం అని చూస్తారు. మొదటిసారి చదివినప్పుడు ఇది మాకు విసుగు కలిగించింది. భక్తుడికి ఈ లెక్కలేమిటి అనుకున్నాము. మార్చి నెల ఎండలో, నాగలూటి మండపంలో, మా సీసాలో నీళ్ళు సగానికి దిగినప్పుడు ఆ లెక్కల విలువ తెలిసింది. తన వెనుక రాబోయే యాత్రికుడు దాహంతో పడిపోకూడదని ఆయన రాశారు. పరిచయం లేని మనిషి పట్ల చూపిన ఆ దయ కూడా భక్తిలో భాగమేనని ఇప్పుడు అనుకుంటున్నాము. శివరాత్రికి గంగా తలావ్ నడకలో దారి పొడవునా నీళ్ళు, పండ్లు అందించే మన వారికి ఈ మాట వివరించి చెప్పనక్కరలేదు.

ఈ గ్రంథంలోని రెండవ గుణం మరింత గొప్పది. గుడి నిర్జనంగా ఉంటే, ఎందుకు నిర్జనంగా ఉన్నదని ఆయన అడుగుతారు. ఆనాడు శ్రీశైలం కందనూరు నవాబుల ఏలుబడిలో ఉండేది. కందనూరు అంటే నేటి కర్నూలు. యాత్రికుల దగ్గర పన్ను వసూలు చేయడమే గాని, గుడి బాగోగులు చూడడం లేదని వీరాస్వామయ్యగారు నొచ్చుకున్నారు. మహాక్షేత్రం పాడుబడుతున్నదంటే దానికి కారణం విధి అని సరిపెట్టుకోలేదు. సొమ్ము ఎటు పోతున్నదో చూశారు. 1839లో కుంపిణీవారు ఆ నవాబును తొలగించారు. తరువాతి కాలంలో మోటారు దారి వచ్చి జనాన్ని మరొక వైపుకు మళ్ళించింది. మేము నాగలూటిలో అనుభవించిన నిశ్శబ్దం ఆ మోటారు దారి పెట్టిన భిక్షే. అది తెలిసిన తరువాత కూడా ఆ నిశ్శబ్దం మాకు మధురంగానే ఉన్నది. కాని అది అనాదిగా అక్కడ ఉన్నదని మాత్రం ఇక రాయలేము.

ఇంతవరకు మెచ్చుకున్నాము. ఇక లోపం చెప్పాలి. వీరాస్వామయ్యగారు మేనాలో ప్రయాణం చేశారు. ఆ మేనాను బోయీలు మోశారు. అడవిలో దారి చూపి కాపుగా నిలిచే పని ఆ కాలంలో చెంచులది. బోయీలు, చెంచులు పుస్తకంలో లేకపోలేదు. కాని వారు ప్రయాణానికి కావలసిన ఏర్పాట్లలో ఒక భాగంగా ఉన్నారు. భీముని కొలను దగ్గర లోయలోకి దిగి మళ్ళీ నిలువునా ఎక్కేటప్పుడు భుజం మీద బరువున్న మనిషి మల్లికార్జునుని తలచుకున్నాడో, తన కాలినే తలచుకున్నాడో మనకు తెలియదు. శిఖరం కనబడినప్పుడు అతడు చేతులు ఎలా జోడించాడు? మొయ్యేవాని చేతులు ఖాళీగా ఉండవు కదా.

ఈ ప్రశ్న మాకు ఊరకనే రాలేదు. మారిషస్‌కు ఒప్పంద కూలీల వలస 1834లో మొదలైంది. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద మనవారిని ఇక్కడ ‘కోరింగీలు’ అన్నారు. ఈ పుస్తకం చెన్నపట్నంలో అచ్చవుతున్న రోజులకూ, మన పూర్వులు ఓడలెక్కిన రోజులకూ ఎక్కువ ఎడం లేదు. వారు లేఖలు రాయలేదు. వారి గురించి ఇతరులు రాశారు. మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో ఉన్న వలస దస్తావేజులలో ఒక సంఖ్య, తండ్రి పేరు, ఊరు, ఎత్తు, ఒంటి మీద మచ్చ ఉంటాయి. ఆ మనిషి దారిలో ఏ దేవుణ్ణి తలచుకున్నాడో రాయడానికి ఆ పుస్తకాలలో గడి లేదు. మేము మేనాలో కూర్చున్నవారి సంతతి కాము, మోసినవారి సంతతి. అందువలన తెలుగువారి తొలి యాత్రాగ్రంథాలలో ప్రసిద్ధమైన దీనిని చదువుతున్నప్పుడు, గౌరవంతో పాటు కొంచెం నొప్పి కూడా కలిగింది.

తరగతిలో ఈ మాట అన్నప్పుడు అందరూ ఒప్పుకోలేదు. మా కంటె పెద్దదైన ఒక అక్కయ్యగారు, “మాస్టారూ, ఆ కాలపు మనిషిని ఈ కాలపు తరాజుతో తూచకండి. ఆయన రాయకపోతే ఆ బోయీలు ఉన్నారని కూడా మనకు తెలిసేది కాదు” అన్నారు. అది న్యాయమైన మాట. వీరాస్వామయ్యగారు పాలకుల దోషాన్ని దాచలేదు, తన వెనుక వచ్చేవారి దాహాన్ని మరువలేదు. ఇంత నిశితంగా చూసే కళ్ళు తనను మోస్తున్నవారి మీద ఇంకొంచెం సేపు నిలిచి ఉంటే బాగుండేదని కోరుకోవడం ఆయనను తక్కువ చేయడం కాదు. శక్తి ఉన్న రచయిత దగ్గరే ఆ కోరిక పుడుతుంది.

మరి ఈ గ్రంథాన్ని పిల్లలకు చెప్పవచ్చునా? తప్పక చెప్పాలి. అయితే పెద్దలు పక్కన కూర్చొని, ఒక్కొక్క మజిలీ దగ్గర ఆగి, ఈ వాక్యంలో నడుస్తున్నది ఎవరు, మోస్తున్నది ఎవరు అని అడుగుతూ చెప్పాలి. అలా చదివితే మన పూర్వులు కూడా ఆ పుటలలో కొంత కనబడతారు.

మేము మండపం నుంచి లేచే సమయానికి తరువాతి జట్టు వచ్చింది. తలమీద మూటలు, కాళ్ళకు దుమ్ము, నోట మల్లయ్య పేరు. వారిలో ఒక ముసలాయన మా సీసా వైపు చూశాడు. ఇచ్చాము. కన్నడంలో ఏదో దీవించి, రెండు గుక్కలు తాగి, తిరిగి ఇచ్చి, కొండ వైపు నడిచిపోయాడు. నాగలూటి గురించి రాయమని పత్రికవారు అడిగినప్పుడు మాకు మొదట గుర్తుకు వచ్చినది ఆయనే. అందుకే రాబోయే యాత్రికులకు చెప్పవలసిన మాటతో ముగిస్తాము. వేసవి ముదరకముందే వెళ్ళండి, ఉదయమే బయలుదేరండి, మీకు కావలసిన దానికంటె ఒక సీసా నీళ్ళు ఎక్కువ పట్టుకొని వెళ్ళండి.