ఒళ్లు చెప్పే లెక్క

ఈ వారం నా కోపమంతా నా మణికట్టు మీదే. మనవరాలు పుట్టినరోజు కానుకగా తొడిగిన వాచీ గంటకోసారి వణికి, మంచినీళ్లు తాగమంటుంది. అడుగులు ఎంచుతుంది, నిద్ర ఎంచుతుంది. లెక్కలంటే నాకు గిట్టదని ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. దాహమేస్తే ఒళ్లే చెబుతుంది కదా, మధ్యలో దీని పెత్తనమేమిటి?

మొన్న సాయంత్రం అరుగు మీద ఇదే గొణుక్కుంటుంటే, ఆ వాచీ పక్కనే చారల కాళ్ల దోమ వాలింది. కొట్టబోయి ఆగాను. పొట్ట ఎర్రగా ఉబ్బుతోంది. ఇంకా తాగుతూనే ఉంది, తోక కొసన తేటనీటి బొట్టొకటి మెరిసి రాలింది. వెనకాలే ఇంకొకటి.

కడుపు నిండా నెత్తురు పట్టించి ఎగరాలంటే అందులోని నీళ్లూ ఉప్పూ వదిలించుకోవాలి మరి. ఆ పని మాల్పీజియన్ నాళికలది. ఇంటర్ జువాలజీ ల్యాబ్ గుర్తొచ్చింది. మైనపు ట్రేలో గుండుసూదులతో బిగించిన బొద్దింక, పేగు చుట్టూ పసుపు దారాల కుచ్చు. 100 నుంచి 150 ఉంటాయని రాయించారు. సూదితో కదిపి ఎంచబోతే ఇరవై దాటకముందే తెగిపోయాయి. రికార్డులో పది గీసి ఊరుకున్నాను. లెక్కలతో నా పగ అక్కడే మొదలైందేమో.

ఆ దారాలు మన మూత్రపిండాల్లా నెత్తురును వడగట్టవు. వాటి కణాలు ఉప్పును లోపలికి తోడిపోస్తాయి, నీళ్లు దాని వెంట నడుస్తాయి. ఎప్పుడు తోడాలో చెప్పేది హార్మోను. దోమలో డీహెచ్-31 అనే చిన్న పెప్టైడు వచ్చి తట్టగానే కణంలో సైక్లిక్ ఏఎంపీ పెరిగి, సోడియం తోడకం జోరందుకుంటుంది.

"చూశావా, వాచీ లేకుండానే!" అన్నాను మనవరాలితో.

"మరి ఆ సంగతి ఎలా కనిపెట్టారు తాతయ్యా?"

కొలిచి. 1954లో కేంబ్రిడ్జిలో రామ్సే పుల్లపురుగు నాళికను పారాఫిన్ నూనె కింద ఒక చుక్క పురుగు నెత్తుట్లో ఉంచి, కొస బయటికి లాగాడు. అక్కడ ఊరిన బొట్టు నూనెలో ముత్యంలా నిలిచింది. మైక్రోస్కోపులో దాని అడ్డుకొలత చూస్తే చాలు, అది రెట్టింపైతే నీళ్లు ఎనిమిది రెట్లు. 1963 నాటికి మాడ్రెల్ దక్షిణ అమెరికాలో నెత్తురు తాగే రోడ్నియస్ అనే నల్లి జాతి పురుగు నాళికలకూ కొలత పెట్టాడు. ఆకలి మీదున్న పురుగు నెత్తుట్లో ఉంచితే నాళిక దాదాపు ఊరకుంది. అప్పుడే మేసినదాని నెత్తుట్లో ఉంచితే బొట్టు మీద బొట్టు. మెదడు లేదు, నరం లేదు, దారం ముక్క మాత్రమే. కబురు నెత్తుట్లోనే ఉందని ఆ బొట్ల కొలతే పట్టించింది.

ఒళ్లు వాచీ చూసుకోదు, నిజమే. కానీ ఆ మాట నేనింత ధీమాగా అనగలగడానికి, ఎవరో నూనెలో బొట్లు కొలుస్తూ కూర్చోవలసి వచ్చింది.

వాచీ మళ్లీ వణికింది. దాహం లేదు, తాగలేదు. విప్పి పక్కన పెట్టనూ లేదు.