చెడిపోగల వాటికే ప్రయోజనం

మోచేతికి పైన గుడ్డతో కాస్త బిగించి కట్టుకుంటే ముంజేతి మీద సిరలు ఉబ్బి కనిపిస్తాయి. వాటి పొడవునా అక్కడక్కడ చిన్న కణుపులు తేలతాయి. కవాటాలున్న చోట్లవి. ఇప్పుడు మణికట్టు వైపున ఒక వేలితో సిరను అదిమిపెట్టి, ఇంకో వేలితో అందులోని రక్తాన్ని మోచేతి వైపుకు, ఒక కణుపు దాటేదాకా తోసెయ్యండి. ఆ మేరకు సిర ఖాళీ అవుతుంది. పైనున్న రక్తం కిందికి జారదు. అదిమిన వేలు తీసిన మరుక్షణం కింది నుంచి నిండిపోతుంది. ఈ పరీక్షను బొమ్మలతో సహా 1628లో అచ్చు వేయించినవాడు విలియం హార్వే అనే ఆంగ్ల వైద్యుడు. కవాటాలను మొదట చూసింది ఆయన కాదు. పాదువాలో ఆయనకు పాఠం చెప్పిన ఫాబ్రీషియస్ అంతకుముందే వాటిని వర్ణించాడు. రక్తమంతా కాళ్ళూ చేతుల్లోకి దిగిపోకుండా ఆపడానికని అనుకున్నాడు. హార్వే మాత్రం అవి గుండె వైపుకే దారి ఇస్తున్నాయని పట్టుకున్నాడు. అలాగైతే గుండె నుంచి బయలుదేరే రక్తం వేరే దారిన వెళ్ళి, ఈ దారిన తిరిగి రావాలి. అప్పటిదాకా ప్రాచీన గ్రీకు వైద్యుడు గేలెన్ చెప్పిన ప్రకారం కాలేయం తిండిలోంచి రక్తాన్ని తయారుచేస్తుందనీ, ఒళ్ళు దాన్ని ఖర్చు పెట్టేస్తుందనీ నమ్మేవారు. ఇవాళ్టి లెక్కలో గుండె నిమిషానికి దాదాపు 5 లీటర్లు తోస్తుంది, అంటే అరగంటకు 150 లీటర్లు. అంత రక్తం కొత్తగా పుట్టాలంటే ఎంత తిన్నా చాలదు. హార్వే వేసిన అంచనా దీనికన్నా చాలా తక్కువే అయినా, వాదం నెగ్గడానికి అది సరిపోయింది.

ఇందులో నాకు ఆసక్తి రక్తప్రసరణ గురించి కాదు, హార్వే అడిగిన ప్రశ్న గురించి. ‘ఇది ఎందుకోసం ఉంది?’ అన్నదే ఆ ప్రశ్న. శరీరశాస్త్రమూ వైద్యమూ నాలుగు వందల ఏళ్ళుగా ఆ ప్రశ్న మీదే నడుస్తున్నాయి. విచిత్రమేమిటంటే ఉన్నదంతా పదార్థమే, దాని వెనక సంకల్పం ఏదీ లేదు అనే భౌతికవాదికి ఆ ప్రశ్న అడిగే అర్హతే లేదని ఆస్తికులు అంటారు. భౌతికవాదుల్లో కరుడుగట్టినవాళ్ళు కూడా అదే మాట అంటారు, ప్రయోజనం అన్నది మన భ్రమ అని కొట్టిపారేస్తూ. ఇద్దరూ పొరబడుతున్నారని నా అభిప్రాయం. హార్వే అరిస్టాటిల్‌ను గౌరవించినవాడు, ప్రకృతి ఏదీ ఊరికే చెయ్యదని నమ్మినవాడు, ఆ సంగతి దాచనక్కర్లేదు. కానీ ఆయన నమ్మకం పక్కన పెట్టినా ఆయన ప్రశ్న నిలుస్తుంది. ఎక్కడ నిలుస్తుంది, ఎక్కడ నిలవదు అన్నదే తేల్చుకోవలసిన విషయం.

ముందు క్రమాన్నీ ప్రయోజనాన్నీ విడదీయాలి. ఈ రెంటినీ ఒకే మూటగా కట్టి అమ్మడం వల్లే సగం గందరగోళం. వేసవిలో ఎండిన చెరువు అడుగు చూడండి. బురద ఆరుతూ కుంచించుకుపోతుంది, ఆ లాగుడుకు చీలుతుంది, చీలికలు ఒకదాన్నొకటి కలుసుకుని అయిదారు మూలల పలకలు ఏర్పడతాయి. ఉడుపి దగ్గర సెయింట్ మేరీస్ దీవుల్లో లావా చల్లారుతూ ఇలాగే చీలి, చెక్కి నిలబెట్టారా అనిపించే రాతి స్తంభాలయింది. ఎవరూ చెక్కలేదు. అయితే లోకంలో అస్తవ్యస్తత పెరుగుతూ పోవాలనే ఉష్ణగతిక శాస్త్ర నియమం ఒకటుంది కదా, దానికి ఎదురీది క్రమం ఎలా పుట్టిందని అడుగుతారు. ఆ నియమం బయటి నుంచి ఏమీ రాని, బయటికి ఏమీ పోని వ్యవస్థకు సంబంధించినది. భూమి అలాంటిది కాదు. సూర్యుడి నుంచి అందిన ఒక్కో కాంతికణానికి బదులు భూమి తక్కువ శక్తి ఉన్న కణాలను దాదాపు 20 అంతరిక్షంలోకి వదిలేస్తుంది. పెద్ద నోటు వచ్చి చిల్లరగా వెళ్ళిపోతున్నట్టు లెక్క. మొత్తం అంతే, కానీ ఆ మార్పిడి జరిగేటప్పుడే ఆకు పెరుగుతుంది, రుతుపవనం నడుస్తుంది, గడ్డి తిన్న ఆవు దూడను కంటుంది. మొత్తం మీద అస్తవ్యస్తత పెరుగుతూనే ఉంటుంది. క్రమం పుట్టడానికి సంకల్పం అక్కర్లేదు, శక్తి పారుతుంటే చాలు.

కానీ నెర్రె బారిన నేలకు క్రమం ఉంది గానీ ప్రయోజనం లేదు. ఆ తేడా ఎక్కడుంది? నా జవాబు ఇది: నెర్రె తప్పుగా పడిందని అనలేం. అయిదు మూలలైనా ఆరు మూలలైనా అది అదే. సిరలోని కవాటం అలా కాదు. రోజంతా నిలబడి పనిచేసే మనిషి కాలిలో కవాటం వదులైతే రక్తం కిందికి జారి నిలిచిపోతుంది, సిరలు మెలికలు తిరిగి నీలంగా ఉబ్బుతాయి. డాక్టరు దాన్ని చూసి కవాటం పాడైందంటాడు. అలా అనగలిగాడంటే అది చేయవలసిన పని ఒకటి ఉందన్నమాట. చంద్రుడు పాడవడు. తోకచుక్క దారి మారినా పొరపాటు చేసిందని అనం. చెడిపోయే అవకాశం ఉన్న చోటే ప్రయోజనం అనే మాటకు పట్టు దొరుకుతుంది. ఇంకో సంగతి కూడా గమనించాలి. గుండె రక్తాన్ని తోస్తుంది, లబ్ డబ్ అని చప్పుడూ చేస్తుంది. ఆ చప్పుడు కవాటాలు మూసుకున్నప్పుడు వచ్చేది. రెండూ గుండె చేసేవే, కానీ గుండె ఉన్నది తోయడానికే, చప్పుడుకు కాదు. ఒకటి ఎందుకు పని, ఇంకొకటి ఎందుకు కాదో చెప్పగలిగితేనే ‘ఎందుకోసం’ అనే ప్రశ్న శాస్త్రీయం.

ఇక్కడ పాత అభ్యంతరం ఒకటి వస్తుంది, మన దేశంలో దాన్ని గట్టిగా నిలబెట్టినవాడు వెయ్యేళ్ళ కిందటి నైయాయికుడు ఉదయనుడు. కుండ కార్యం, దానికి కుమ్మరి కర్త. లోకమూ కార్యమే, కాబట్టి దానికీ కర్త ఉండాలి. వాదం చిన్నది కాదు, తేలిగ్గా తీసేయదగ్గదీ కాదు. అయితే కుండకు కుండ పుట్టదు. పుట్టేవాటి సంగతి వేరు. పిల్లలు తల్లిదండ్రుల్లా ఉంటూనే కొద్దిగా తేడాగా పుడతారు, తేడాల్లో కొన్ని నిలుస్తాయి, మిగతావి రాలిపోతాయి. 1859లో డార్విన్ చెప్పింది ఇదే. దీనికి కళ్ళెదుటి సాక్ష్యం ఇంగ్లండులో రాత్రిపూట ఎగిరే ఒక మాత్. మచ్చల తెల్లరెక్కలతో పాచిపట్టిన చెట్ల మీద అది కనబడకుండా ఉండేది. ఫ్యాక్టరీల మసి చెట్లను నల్లగా చేసింది. 1848లో మాంచెస్టర్‌లో నల్లరెక్కల మాత్ మొదటిసారి నమోదైంది. 1895 నాటికి అక్కడ నూటికి 98 నల్లవే. పిట్టలు తెల్లవాటిని ఏరుకు తిన్నాయి. 1924లో జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ లెక్క కట్టి, ఇంత వేగంగా మారాలంటే తెల్లవాటికన్నా నల్లవి దాదాపు ఒకటిన్నర రెట్లు సంతానాన్ని మిగిల్చి ఉండాలని తేల్చాడు. తర్వాత పొగ మీద చట్టాలొచ్చి గాలి బాగుపడ్డాక తెల్లవి తిరిగొచ్చాయి. ఆ నలుపుకు ప్రయోజనం వచ్చింది, పోయింది కూడా. పైనుంచి ఎవరో రాసిపెట్టిన ప్రయోజనమైతే మసితో రాదు, గాలితో పోదు.

కర్త ఉన్న కవాటాన్ని కూడా దీని పక్కనే ఉంచి చూద్దాం. తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థలో ఎం.ఎస్. వలియత్తాన్ నాయకత్వాన తయారైన కృత్రిమ గుండె వాల్వ్‌ను 1990 డిసెంబరులో మొదటిసారి రోగికి అమర్చారు. అంతకుముందు చేసిన నమూనాలు పరీక్షల్లో తప్పాయి. ఏది తప్పిందో, ఎందుకు తప్పిందో చూసి పారేసి మళ్ళీ చేస్తే చివరికి నిలిచింది. దేహంలోని కవాటం వెనకా ఇలాంటి తప్పులూ పారేయడాలే ఉన్నాయి, కోట్ల ఏళ్ళ పొడవునా. రెంటికీ ఉమ్మడిగా ఉన్నది కర్త కాదు, తప్పినదాన్ని తీసేసే ఏర్పాటు. తేడా లేదని కాదు. వలియత్తాన్ బృందం ముందుచూపుతో చేసింది, ప్రకృతికి ముందుచూపు లేదు. దానికి రుజువు జిరాఫీ మెడలో ఉంది. మెదడు నుంచి స్వరపేటికకు వెళ్ళే నరం ఒకటి నేరుగా వెళ్ళకుండా ఛాతీలోకి దిగి, గుండె దగ్గరి ధమని చుట్టూ తిరిగి, మళ్ళీ మెడంతా పైకెక్కుతుంది. కొన్ని మీటర్ల దండగ ప్రయాణం. మెడ లేని చేపల్లో అది దగ్గరి దారే. మెడ సాగుతున్న కొద్దీ నరమూ సాగింది, తెంపి మళ్ళీ అతికించే వీల్లేక. ఏ ఇంజనీరూ ఇలా గీయడు. మన మెడలోనూ అదే నరం, అదే చుట్టుదారి, కాకపోతే పొట్టిది.

మన పాత భౌతికవాదులకూ ఇక్కడ ఒక మాట తగులుతుంది. ముల్లు మొన, నెమలి రంగులు ఎక్కణ్ణుంచి వచ్చాయంటే స్వభావం నుంచే అన్నారు స్వభావవాదులు. 14వ శతాబ్దంలో విజయనగర కాలపు మాధవాచార్యుడు సర్వదర్శన సంగ్రహాన్ని చార్వాకులతోనే మొదలుపెట్టాడు, ఖండించడానికే అయినా. కర్తను తప్పించిన తెగువకు వాళ్ళకు దణ్ణం పెట్టాలి. కానీ స్వభావం అన్న జవాబు దగ్గర ప్రశ్న ఆగిపోతుంది. ముల్లుకు వాడి ఉన్నది వాడిగా ఉండటం దాని స్వభావం కాబట్టి అంటే తెలిసింది సున్న. ముల్లు లేని మొక్కలను మేకలు మేసేశాయి అంటే పరీక్షించదగ్గ మాట. భౌతికవాదం బతికేది ఇలాంటి జవాబుల మీదే గానీ కర్త లేడని పదేపదే చెప్పుకోవడం మీద కాదు.

అయినా కరుడుగట్టిన మిత్రులు వదలరు. కవాటమంటే చివరికి అణువులే, అణువులకు ప్రయోజనం లేదు, కాబట్టి ప్రయోజనం మన నోటి మాట అంటారు. అణువుకు తడి కూడా లేదు. అంతమాత్రాన వాన భ్రమ అయిపోదు. కవాటం పాడైతే కాలు వాచడం మన మాట తీరు మీద ఆధారపడలేదు, మనిషి పుట్టకముందు కూడా గుండె ఆగిన జంతువు చచ్చింది. వాళ్ళు చెప్పేదాంట్లో నిజం ఒకటుంది: ప్రయోజనం అక్కడక్కడ, చోటు చూసి ఉంటుంది, విశ్వమంతా పరుచుకుని ఉండదు. విశ్వం మొత్తానికి ప్రయోజనం ఏమిటని అడిగేవారిని నేను ఒకటే అడుగుతాను, విశ్వం తప్పిందని దేన్ని చూసి చెబుతారు? ఒక నక్షత్రం పేలినా, గెలాక్సీలు ఢీకొన్నా అది నియమం ప్రకారమే. తప్పే దారి లేనిదానికి పని ఉందనడం అర్థం లేని మాట. భౌతిక నియమాలే ఇలా ఎందుకున్నాయన్నది మాత్రం మంచి ప్రశ్న, భౌతికశాస్త్రంలో తెరిచే ఉంది. పోల్చి చూడటానికి ఇంకో విశ్వం మన చేతిలో లేనప్పుడు దీన్ని ఎవరో కొలిచి అమర్చారనడం తొందరపాటు.

మిగిలింది అసలు గుబులు. కవాటానికి పని ఉంటే ఉంది, మనిషి బతుక్కు అర్థం ఎక్కడిది? బతికి పిల్లల్ని కనడమే అర్థమా? కాదు. ప్రకృతి చేసే ఎంపిక ఇచ్చిన పనిలోనే ఉండిపోవాలనే నియమం లేదు. గుండె చప్పుడునే చూడండి, కోట్ల ఏళ్ళు దానికి ఏ పనీ లేదు. 1816లో ఫ్రెంచి వైద్యుడు లెనెక్ స్టెతస్కోప్ కనిపెట్టాక అది రోగాన్ని పట్టించే పనిలోకి వచ్చింది. ఉన్నదాన్ని కొత్త పనికి పెట్టుకోవడం, అది తప్పితే బాధపడటం, సరిదిద్దుకోవడం మనిషి చేయగలడు. దేవుడు లేకపోతే నీతికి దిక్కేదని అడిగేవారికి కృష్ణా జిల్లా ముదునూరులో 1940లో నాస్తిక కేంద్రం పెట్టిన గోరా జీవితమే జవాబు. వృక్షశాస్త్ర అధ్యాపకుడాయన. అంటరానితనం మీదా కులం మీదా ఆయన చేసిన పోరాటానికి పైలోకపు ఆజ్ఞ అవసరం పడలేదు, తోటి మనిషికి జరుగుతున్న నష్టం కనబడితే సరిపోయింది.

మరో 500 కోట్ల ఏళ్ళకు సూర్యుడే ఉబ్బి ఆరిపోతాడు, అప్పుడు ఇదంతా దేనికని నిట్టూర్చేవారున్నారు. మాత్‌ల లెక్క కట్టిన హాల్డేన్ 1957లో ఇండియాకు వచ్చి, 1961లో ఇక్కడి పౌరుడై, 1964 డిసెంబరులో భువనేశ్వర్‌లో క్యాన్సర్‌తో పోయాడు. తన దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు రాసిచ్చాడు, విద్యార్థులు కోసి చదువుకోవడానికి. మెడలోని ఆ చుట్టుదారి నరాన్ని ఒక విద్యార్థి శవం మీద వెతికి పట్టుకుంటే, రేపు థైరాయిడ్ ఆపరేషన్‌లో దాన్ని కోయకుండా తప్పించి ఒక రోగి గొంతు నిలపగలుగుతాడు. ఈ పనికి విలువ లేదనాలంటే ఆ రోగి మాటకూ 500 కోట్ల ఏళ్ళ తర్వాతి సూర్యుడికీ సంబంధమేమిటో ముందు నిట్టూర్చేవారే చూపించాలి. సూర్యుడు ఎప్పటికీ ఆరడనే అనుకుందాం. అప్పుడైనా ఆ గొంతు విలువ వీసమెత్తు పెరుగుతుందా?