తూకం తెలిసిన టీచరమ్మ

1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి వెళ్లింది. తెలుగు అక్కడి ఇళ్లలో నిలిచింది. అందుకే తిరువళ్లూరు, తిరుత్తణి పల్లెల్లో అంగన్‌వాడీ టీచరమ్మకు తెలుగు, తమిళం రెండూ అక్కరకొస్తాయి.

అయితే 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం (ఐసీడీఎస్)తో మొదలైన ఈ కొలువులో అసలు పనితనం కొలతలో ఉంది. ఏడ్చే బిడ్డను మరిపించి బరువూ ఎత్తూ చూడాలి, జబ్బకు టేపు చుట్టాలి. ఆరు నెలల నుంచి అయిదేళ్లలోపు బిడ్డకు చుట్టుకొలత 11.5 సెంటీమీటర్లకు తగ్గితే తీవ్ర పోషకాహార లోపమే. 2006లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించిన ఎదుగుదల ప్రమాణాల కోసం ఆరు దేశాల పిల్లలను కొలిచారు; వారిలో మన పిల్లలూ ఉన్నారు.

ఇప్పుడు లెక్కలు ఫోనుకెక్కాయి. అయినా బిడ్డకున్న లోపాన్ని తల్లి మనసు నొప్పించకుండా చెప్పి, ఆసుపత్రికి బయల్దేరదీసేది టీచరమ్మే. ఆ నేర్పుకు తగిన జీతం, గౌరవం దక్కాల్సిందే.